పేర్చడం వేరు, సర్దడం వేరు

కిరాణా కొట్టు అరలు నీట్‌గా ఉన్నాయంటాం. నాటిన వరి మడి నీట్‌గా ఉందంటాం. మేస్త్రీ కట్టిన గోడ నీట్‌గా వచ్చిందంటాం. పెళ్లిలో వడ్డన నీట్‌గా జరిగిందంటాం, పిల్లవాడి చేతిరాత నీట్‌గా ఉందంటాం, ఆఖరికి ఉద్యోగానికి పెట్టుకున్న అర్జీ కూడా నీట్‌గా ఉందంటాం. ఈ ఆరింటిలో ఏ రెండూ ఒకే రకంగా అమరినవి కావు. వాక్యం మాత్రం ఆరింటికీ ఒకటే.

ఆ మాట ఇంగ్లీషుదని నా గొడవ కాదు. అది తీసేసి 'క్రమబద్ధంగా' అని పెట్టమనే భాషాభిమానులతోనూ నాకు పేచీ ఉంది. అలా పెడితే వాక్యం తెలుగయిందేమో గానీ, చదివేవాళ్లకు కొత్తగా కనపడిందేమీ లేదు. 'పద్ధతిగా', 'చక్కగా', 'క్రమపద్ధతిలో', 'సవ్యంగా' అన్నీ ఆ బాపతే. చూసినవాడు ఎన్ని మార్కులు వేశాడో చెబుతాయి, చూసిన వస్తువు ఎలా ఉందో చెప్పవు.

తెలుగులో అమరికను చెప్పే గట్టి మాటలన్నీ పనిలోంచి పుట్టినవి. పొలం, వాకిలి, వంటిల్లు, గోడ, కొట్టు వాటికి పుట్టిళ్లు. అందుకే వాటిలో విశేషణాల కంటే క్రియలు ఎక్కువ: పేర్చు, సర్దు, అమర్చు, కూర్చు, తీర్చు, దిద్దు, కుదుర్చు. వీటిలో ఏది ఎక్కడ వాడాలో తేల్చడానికి నేను వేసుకునే ప్రశ్న ఒకటే. ఇది చెడితే ఎలా చెడుతుంది? కూలుతుందా, వంకర పోతుందా, పట్టకుండా పోతుందా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుందా? చెడే తీరు తెలిస్తే మాట దానంతట అదే దొరుకుతుంది.

పేర్చడం

బతుకమ్మను తెలంగాణలో ఎవరూ తయారు చేయరు, పేరుస్తారు. టీవీలో 'బతుకమ్మను అందంగా తయారు చేస్తున్నారు' అని వినపడితే చెవికి గుచ్చుకునేది అందుకే. ఆ పనిని దగ్గరనుంచి చూస్తే ఆ క్రియ ఎంత కచ్చితమైనదో తెలుస్తుంది.

సిబ్బిలోనో తాంబాళంలోనో ముందు గుమ్మడి ఆకులు పరుస్తారు. మొదటి వరస తంగేడు. పూలు బయటికి, కాడలు లోపలికి, గుండ్రంగా. దానిమీద గునుగు. గునుగు పూలను ముందే చిన్న చిన్న కట్టలు కట్టి, కాడలన్నీ ఒకే పొడవుకు కోసి, తెల్లటి కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టుకుంటారు. ఒక వరస తెలుపు, ఒక వరస ఎరుపు, మధ్యలో బంతి, చామంతి, పట్టుకుచ్చులు. పైకి పోతున్నకొద్దీ ప్రతి చుట్టూ కింది చుట్టు కంటే కొంచెం లోపలికి జరగాలి. చివర గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ.

చూసేవాళ్లకు కనపడేది పూలే. నిలబెట్టేది మాత్రం మధ్యలో ఉన్న చెత్త. తుంచిన కాడలు, రాలిన ఆకులు, మిగిలిన తంగేడు రెమ్మలు ప్రతి వరసకూ మధ్యలో కూరుతూ పోవాలి. నింపింది తక్కువైతే మధ్యలో గుంట పడి, పూల తలలు ఆకాశంలోకి లేస్తాయి, పై వరస లోపలికి జారుతుంది. ఎక్కువైతే తలలు కిందికి వాలి, పై వరస బయటికి జారుతుంది. కాడల పొడవు సమంగా లేకపోతే చుట్టు ఒకవైపు ఉబ్బుతుంది. నాలుగో వరసలో వచ్చిన ఉబ్బు పదో వరసకు ఒరుగై కూర్చుంటుంది. పండుగ ఆఖరి రోజైన సద్దుల నాటికి ఎత్తు పెంచాలని పంతాలు పోయే ఇళ్లలో ఒరిగిన బతుకమ్మకు చుట్టూ దారం చుట్టి నెట్టుకురావడం చూడొచ్చు. అది పేర్చడం కాదు, కట్టడం. పేర్చినదాన్ని నిలబెట్టాల్సింది దాని బరువే.

ఇదే క్రియ పొలంలో వరి కుప్పకూ వాడతారు, కానీ దిక్కు తిరగబడుతుంది. కోసి ఆరబెట్టిన పనలను కట్టలు కట్టి కుప్ప పేర్చేటప్పుడు వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి. వాన పడితే తడిసేది గడ్డి కావాలి, గింజ కాకూడదు. కుప్ప నడుమ భాగం ఎప్పుడూ అంచుల కంటే ఎత్తుగా ఉండేలా చూస్తారు. అప్పుడు ప్రతి కట్టా బయటికి వాలి ఉంటుంది, నీళ్లు మొదళ్ల మీదుగా కిందికి కారిపోతాయి. నడుమ పల్లమైతే అదే వాలు లోపలికి తిరిగి నీళ్లన్నీ గింజ దగ్గరికి పోతాయి. పచ్చి ఆరకుండా పేర్చితే కుప్ప లోపల వేడి పుట్టి గింజ రంగు మారుతుంది, బియ్యం నూకవుతుంది. హార్వెస్టర్లు వచ్చాక కుప్ప వేయడం చాలా ఊళ్లలో పోయింది. 'కుప్ప' అంటే ఇవాళ చెత్తకుప్పే గుర్తొస్తుంది గానీ, ఒకప్పుడు ఊళ్లో అన్నిటికంటే జాగ్రత్తగా అమర్చే వస్తువు అదే.

కాబట్టి 'పేర్చు' అన్న మాటలో మూడు విషయాలు ఉన్నాయి. ఒకటి, ఒకదానిమీద ఒకటి. రెండు, జిగురూ తాడూ లేకపోవడం. మూడు, కింది వరసలో తప్పును పై వరస దాచలేకపోవడం. పుస్తకాలు, కట్టెలు, పిడకలు, రాళ్లు పేరుస్తారు. బట్టలు పేర్చారు అంటే మడతల మీద మడతలు లేచాయని అర్థం. బట్టలు సర్దారు అంటే అది వేరే సంగతి.

సర్దడం, అమర్చడం, కూర్చడం

సర్దడానికి గోడలు కావాలి. పెట్టె, బీరువా, అర, గది, ఏదో ఒక హద్దు ముందే ఉంటుంది. అందులో రకరకాల సైజుల సామాను పట్టాలి. మూత పడితే గెలిచినట్టు. పేర్చినది చెడితే కూలుతుంది, సర్దినది చెడితే పట్టదు. అందుకే మనుషుల విషయంలోనూ 'సర్దుకుపోవడం' అంటే ఉన్న చోటులోనే ఇమడడం, లెక్కల్లో 'సర్దుబాటు' అంటే ఉన్న మొత్తంలోనే అటూ ఇటూ మార్చడం. తెలంగాణలో ఇదే 'సదురు'. 'ఇల్లు సదిరి పెట్టు' అంటే కొత్త సామాను కొనమని ఎవరూ అనుకోరు.

అమర్చడంలో ప్రతి వస్తువుకూ దాని చోటు దానికే ఉంటుంది. మోటారులో బేరింగు అమరుస్తారు, కిటికీకి రెక్క అమరుస్తారు. ఆ చోట కాక ఇంకోచోట పెడితే పని నడవదు. పెట్టెలో చొక్కా పైన పంచె పెట్టినా, పంచె పైన చొక్కా పెట్టినా పెట్టె పెట్టే; అది సర్దడం. రెక్కను తిరగేసి బిగిస్తే కిటికీ మూసుకోదు, అది అమర్చడం. 'ఏర్పాట్లు అమర్చారు' అని ఎడాపెడా రాసేవాళ్లు ఈ తేడాను చదును చేసేస్తున్నారు.

కూర్చడం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. వేరువేరు ముక్కలు చేరి ఒకే కొత్త వస్తువు కావడం: దండ కూర్పు, పుస్తకం కూర్పు. తర్వాత విడదీస్తే మళ్లీ ముక్కలే.

వరసలో ఎన్ని వరసలు

ఒకదాని పక్కన ఒకటి ఉండడానికి తెలుగులో ఉన్నన్ని మాటలు దేనికీ లేవేమో. పొలంలో అది సాలు. చీమలదీ, కొంగలదీ, ఓటర్లదీ బారు. భోజనాలకు కూర్చున్నవాళ్లది బంతి. ముత్యాలకు కోవ, గొలుసుకు పేట. ఇటుకలకు వరస.

వీటిని అటూ ఇటూ మార్చి చూడండి. 'భోజనాల బారు' అంటే తినడానికి నిలబడ్డవాళ్లు, బఫే అన్నమాట. 'భోజనాల బంతి' అంటే కూర్చున్నవాళ్లు, వాళ్ల ముందు విస్తళ్లు, ఒక చివరనుంచి వస్తున్న వడ్డన. బంతికి న్యాయం కూడా ఉంది. 'బంతిలో వలపక్షం' అన్న తిట్టు దానిదే, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న ఎకసెక్కమూ దానిదే. బారుకు అలాంటి నీతి లేదు. దానికి తోసుకోవడం ఒక్కటే తెలుసు. కోవకు ఇంకో గుణం: దారం ఒకటి లోపలినుంచి పోతుంది. అందుకే 'ఆ కోవకు చెందిన మనిషి' అంటాం. బయటికి కనపడని పోలికతో గుచ్చి ఉన్నారని.

వరస మరీ విచిత్రం. ఇటుకల వరసా అదే, పాట వరసా అదే, మేనత్త కొడుకు వరస కావడమూ అదే. 'వావి వరసలు లేవా' అని అడిగినప్పుడు లైను గురించి ఎవరూ అడగరు. ఎవరి తర్వాత ఎవరు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్న లెక్క ఉందా అని అడుగుతారు.

సాలు దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే వరస అన్నది కంటికి ఇంపు కోసమని చాలామంది అనుకుంటారు, పొలంలో ఆ అందానికి కూలీ ఎవరూ ఇవ్వరు. వరిని 20 సెం.మీ. ఎడం సాళ్లలో, మొక్కకూ మొక్కకూ మధ్య 15 సెం.మీ. వదిలి నాటితే చదరపు మీటరుకు 33 కుదుళ్లు పడతాయి. 15 సెం.మీ. చొప్పున రెండువైపులా నాటితే 44. తక్కువ నారుతో, తక్కువ నీళ్లతో వరి పండించే శ్రీ పద్ధతిలో 25 సెం.మీ. చొప్పున రెండువైపులా గీతలు గీసి, గీతలు కలిసిన చోట ఒక్కో లేత నారు మొక్క, 8 నుంచి 12 రోజులది, పెడతారు. చదరపు మీటరుకు 16. ఆ గీతలు రెండువైపులా ఎందుకంటే కలుపు తీసే వీడరు నిలువుగానూ, అడ్డంగానూ నడవాలి. ఒక సాలు వంకర పోతే ఆ చోట వీడరు మొక్కనే పీకేస్తుంది. గీతలు గీసే రోజు మడిలో నీళ్లు ఎక్కువుంటే మార్కరు లాగిన వెంటనే గీత పూడిపోతుంది. నీళ్లు తీసి, బురద కాస్త బిగిశాక లాగాలి.

మామూలు నాట్లలోనూ ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట తూర్పు పడమరలుగా వదలమని వ్యవసాయ శాఖ వాళ్లు ఏటా చెబుతారు. గాలీ వెలుతురూ మొదళ్ల దాకా పోతే వరి రసం పీల్చే సుడిదోమ ఉద్ధృతి తగ్గుతుంది, మందు కొట్టేవాళ్లకూ దారి ఉంటుంది. కాబట్టి ఆ మడిని 'నీట్‌గా నాటారు' అని రాస్తే రైతు చేసిన పనిలో సగం కనపడకుండా పోతుంది. 'సాళ్లు తప్పకుండా నాటి, బాటలు తీశారు' అంటే ఐదారు మాటల్లోనే మడి కళ్లముందుకు వస్తుంది.

మేస్త్రీ మాటలు

గోడ బాగుందా అని మేస్త్రీని అడిగితే మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబు చెబుతాడు. తూకం, మట్టం, మూల.

తూకం నిలువుది. గోడ పైనుంచి గుండు వేలాడదీసి, దారానికీ గోడకూ మధ్య ఎడం పైనా కిందా ఒకటే ఉందా అని చూస్తాడు. మట్టం అడ్డానిది. చిన్న పనికి రసమట్టం, పెద్ద పనికి నీళ్ల పైపు. పైపులో ఒక్క గాలిబుడగ మిగిలినా రెండు చివరలా నీటిమట్టం తప్పు చూపిస్తుంది, గది మొత్తం గచ్చు ఒకవైపు వాలుతుంది. మూల అంటే లంబకోణం. ఒక గోడమీద 3 అడుగులు, రెండో గోడమీద 4 అడుగులు గుర్తుపెట్టి ఆ రెంటి మధ్య టేపు పట్టుకుంటే 5 అడుగులు రావాలి. పెద్ద గదికి 6, 8, 10 తీసుకుంటే తప్పు ఇంకా బాగా బయటపడుతుంది. మూల తప్పిందని గోడలు కట్టేటప్పుడు ఎవరికీ తెలియదు. టైల్స్ వేసే రోజు ఒక చివర నిండు పలక, రెండో చివర కోసిన చీలిక వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇటుక ఎత్తు 9 సెం.మీ., ఇటుకల మధ్య పట్టించే సిమెంటు మాలు 1 సెం.మీ. అయితే పది వరసలకు సరిగ్గా మీటరు లేవాలి. ఒక చివర ప్రతి వరసకూ 2 మిల్లీమీటర్లు మాలు ఎక్కువ పడితే పదో వరసకు 2 సెం.మీ. తేడా. అందుకే రెండు మూలలూ ముందు లేపి, మధ్యలో దారం కట్టి, ప్రతి వరసకూ దారం ఎత్తుతారు. నిలువు సందులు ఒకదానిమీద ఒకటి రాకూడదు. పై ఇటుక కింది సందును కప్పాలి. సందు మీద సందు పడితే పగులు అదే దారిలో పైదాకా పోతుంది.

ఈ మూడు మాటలూ రచనకు ఎంత పనికొస్తాయో ఎవరూ పట్టించుకోరెందుకో. ఒక గది మట్టంగా ఉండి మూల తప్పి ఉండొచ్చు. ఒక అలమర తూకంగా నిలబడి అరలు మట్టం తప్పి ఉండొచ్చు. 'ఏదో తేడాగా ఉంది' అని రాసే చోట, తేడా ఏ వైపుదో చెప్పే మాట మేస్త్రీ దగ్గర సిద్ధంగా ఉంది.

కుదురు

అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేలమీద నిలవదు. దానికింద గడ్డితోనో పాతబట్టతోనో చుట్టిన చుట్ట పెడతారు. దాని పేరు కుదురు. నాటిన వరి మొక్క పిలకలు వేసి నిలదొక్కుకున్న చోటూ కుదురే. 'కుదురుగా కూర్చో' అని పిల్లలను అదిలించేది ఈ అర్థంతోనే: దొర్లొద్దు అని. కుదరడం అంటే కదిలేది కదలకుండా తన చోట నిలవడం. పెళ్లి కుదురుతుంది, బేరం కుదురుతుంది, జ్వరపడి లేచినవాడి ఆరోగ్యం కుదుటపడుతుంది. ఆవకాయ కుదిరిందా లేదా అనేది ఉప్పు, కారం, ఆవపిండి, నూనె వేటి పాళ్లలో అవి నిలిచాయా అన్న ప్రశ్న. కలిపిన రోజు చెప్పలేం, మూడో రోజు తిరగకలిపినప్పుడు తెలుస్తుంది.

దీని పక్కనే ఉండే పొందిక వేరు. పొందికకు చిన్నతనం కావాలి. రెండు గదుల ఇల్లు పొందికగా ఉంటుంది. ఇరవై గదుల బంగళా ఎంత శుభ్రంగా ఉన్నా పొందికగా ఉండదు. అదే రెండు గదుల్లో సామానుకు చోటు లేకపోతే ఇరుకంటాం. అంటే కొలత ఒకటే, ఇరుకుకూ పొందికకూ మధ్య ఉన్నది ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండడమే. మనిషి పొట్టిగా, గట్టిగా, పొందికగా ఉంటే కుదిమట్టంగా ఉన్నాడంటాం.

ఒద్దిక మనుషుల మధ్యది, నడవడిదీ. ఒబ్బిడి ఖర్చుది. ఒబ్బిడిగా సంసారం చేసే ఇంట్లో సామాను తక్కువ, వృథా తక్కువ. చిందరవందర కావడానికి ఇంట్లో అంత సామానే ఉండదు. ఈ మాట రాతలో కనపడడం తగ్గింది. వాడుకుంటే 'పొదుపు' చెప్పలేనిది చెబుతుంది. పొదుపు డబ్బుకు సరిపోతుంది, బియ్యానికీ నూనెకూ మాటలకూ కూడా ఒబ్బిడి ఉంటుంది.

క్రమం ఎక్కడ సరైన మాట

క్రమాన్ని తీసిపారేయమనడం లేదు. దానికీ సొంత చోటు ఉంది. రెండు వస్తువులను తారుమారు చేసి చూడండి. ఏదైనా చెడిందా? చెడితే అక్కడ ఉన్నది క్రమం. ఆరోహణ క్రమంలో రెండు అంకెలు తారుమారు చేస్తే అది ఆరోహణ క్రమం కాదు. అకారాది క్రమంలో రెండు మాటలు మారిస్తే నిఘంటువులో ఆ మాట దొరకదు. గోదాములో రెండు బియ్యం బస్తాలు మార్చినా వరస వరసే. కాబట్టి బస్తాలు క్రమంలో లేవు, వరసలో ఉన్నాయి.

అరటాకు భోజనంలో రెండూ ఉంటాయి. ఆకు కొస తినేవాడి ఎడమవైపుకు రావాలి, పచ్చళ్లూ కూరలూ పైభాగంలో, అన్నం తనవైపు, ఇది అమరిక. పప్పూ నెయ్యీ ముందు, పులుసు ఆ తర్వాత, పెరుగు ఆఖర్న, ఇది క్రమం. అన్నం పెట్టకుండానే పులుసు గరిట పట్టుకొచ్చినవాడు అమరికలో తప్పు చేయలేదు, క్రమంలో చేశాడు.

మన పత్రికల్లో మాత్రం 'క్రమబద్ధీకరణ' అనగానే అనుమతి లేని లేఅవుట్లు గుర్తొస్తాయి. తెలంగాణలో 2020లో వచ్చిన పథకం పుణ్యమా అని ఆ మాట ఇంటింటి మాట అయింది. రుసుము కట్టాక ప్లాటు క్రమబద్ధం అవుతుంది. వంకర రోడ్డు వంకరగానే ఉంటుంది. కంప్యూటరు మెనూల్లోనూ ఇదే మాట అంకెలను పెద్దనుంచి చిన్నకు మార్చే మీటకు తగిలిస్తున్నారు. 'వరస మార్చు' అంటే పదేళ్ల పిల్లకూ అర్థమవుతుంది. మాట పొడవు పెరిగితే హోదా పెరుగుతుందన్న నమ్మకం మనకు ఎప్పటినుంచో ఉంది.

తీర్చడం, దిద్దడం

ముగ్గును వేస్తారు, పెడతారు, తీరుస్తారు కూడా. తీర్చడానికి ముందు చుక్కలు. వారపత్రికల్లో ముగ్గు కింద 'సందు చుక్క 7, 4 వరకు' అని రాసి ఉంటే, నడుమ వరసలో 7 చుక్కలు, దానికి పైనా కిందా చుక్కల సందుల్లో 6, తర్వాత 5, తర్వాత 4. మొత్తం 37. 'ఎదురు చుక్క 7, 1 వరకు' అంటే చుక్కకు ఎదురుగా చుక్క, రెండువైపులా ఒక్కోటి తగ్గుతూ 7, 5, 3, 1. మొత్తం 25. మొదటిది ఆరు మూలల ఆకారం, రెండోది నాలుగు మూలలది.

సందు చుక్కల ముగ్గు ఒకవైపు సాగినట్టు రావడానికి కారణం చేతి లోపం కాదు, కొలత. చుక్కకూ చుక్కకూ మధ్య 10 సెం.మీ. వదిలితే, వరసకూ వరసకూ మధ్య 10 వదలకూడదు, 8.7 వదలాలి. అప్పుడే ఒక చుక్కనుంచి చుట్టూ ఉన్న ఆరు చుక్కలూ సమాన దూరంలో ఉంటాయి. వరసల మధ్యా అదే 10 వదిలితే పువ్వు రేకులు రెండు పొట్టిగా, నాలుగు పొడుగ్గా వస్తాయి. నడుమ వరస ముందు పెట్టమనడానికీ కారణం ఉంది. పై వరసలో ప్రతి చుక్కా కింది రెంటిని చూసుకుని పడుతుంది కాబట్టి, అంచునుంచి మొదలుపెడితే మొదటి తప్పును మిగతా ఆరు వరసలూ మోయాలి. నడుమనుంచి మొదలుపెడితే మూడేసి వరసలే.

'తీరు', 'తీరైన', 'బారులు తీరు', 'తీర్చిదిద్దు' వీటన్నిటిలో ఉన్నది ఈ పనే: ముందు గుర్తులు పెట్టుకుని, ఆ గుర్తులు చెప్పినట్టు గీత నడపడం. దిద్దడం ఆ తర్వాత. ఉన్న గీత మీద మళ్లీ గీత. పలకమీద ఓనమాలు దిద్దినట్టే రాతప్రతినీ దిద్దుతారు, ఆ తర్వాతే సాపు ప్రతి. తీర్చకుండా దిద్దడం కుదరదు. మొదటి చిత్తే లేనివాడికి ఎడిటింగ్ సలహాలు ఇవ్వడం ఆ రకం పని.

చెడినవాటి పేర్లు

అమరికకు మాటలు తడుముకునేవాళ్లు కూడా గందరగోళానికి తడుముకోరు. ఇల్లూ జుట్టూ చిందరవందర. గీతలూ దారాలూ గజిబిజి. ఒకచోట ఉండాల్సినవి నలుదిక్కులా పడితే చెల్లాచెదురు. రకాలు కలిసిపోతే కలగాపులగం, పులగంలో బియ్యం, పెసరపప్పు విడదీయలేనట్టు. బెదిరి పరుగుతీసిన జనం కకావికలు. దారికి అడ్డం పడేలా పెట్టినవి అడ్డదిడ్డం. ఒక ఏర్పాటు మొత్తం దెబ్బతింటే అస్తవ్యస్తం. పనిలో తెలివి లోపిస్తే కంగాళీ.

ఏ తెలుగువాడూ 'జుట్టు కకావికలుగా ఉంది' అనడు, 'సైన్యం చిందరవందరగా పారిపోయింది' అనడు. చెడినదాని దగ్గర ఇంత నికార్సయిన చెవి ఉన్నవాళ్లం, బాగున్నదాని దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. అలా చిక్కుకున్నప్పుడు వెనకనుంచి రావడం మంచి ఉపాయం. ఇది చెడితే నేను ఏమంటాను? గజిబిజి అంటానా, అయితే ఇప్పుడు ఉన్నది గీతల అందం, 'తీరుగా'. కలగాపులగం అంటానా, అయితే ఇప్పుడు ఉన్నది వేరుచేసి పెట్టడం, 'దేనికది'. అడ్డదిడ్డం అంటానా, అయితే 'ఒకే దిక్కుగా'. చెల్లాచెదురు అంటానా, అయితే 'ఒకచోట చేర్చి'.

దీనికి ఎదురు వాదన వినపడుతూనే ఉంటుంది: కోవ, బొత్తి, కుదిమట్టం లాంటివి ఇప్పటి పాఠకులకు తెలియవు, వెతికి తెచ్చి పెడితే రచన మ్యూజియంలా ఉంటుంది అని. సగం నిజమే. పని పోయిన చోట మాటను ఈడ్చుకురావడం నాకూ నచ్చదు. మట్టికుండలే లేని ఇంట్లో కుండల దొంతులు రాయడం వేషం. కానీ దొంతర పోలేదు. ప్లాస్టిక్ కుర్చీలు ఫంక్షన్ హాల్లో దొంతరలుగానే ఉన్నాయి, పువ్వుల కొట్లో దొంతర మల్లె అలాగే ఉంది. కాగితాల బొత్తి ప్రతి ఆఫీసులోనూ ఉంది. దస్తాకు 24 కాగితాలనీ, 20 దస్తాల రీముకు ఒకప్పుడు 480 ఉండేవనీ ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, రీమంటే 500. ఆ లెక్క పోనివ్వండి. పని బతికి ఉండగా మాటను పోనివ్వడం గురించే నా అభ్యంతరం. మాట్లాడేటప్పుడు 'నీట్‌గా ఉంది' అనండి, తప్పేమీ లేదు; ఎదుటివాళ్లు ఆ వస్తువును చూస్తూనే ఉంటారు. రాసేటప్పుడు వాళ్లు చూడటం లేదు.

మొదట్లో చెప్పిన కిరాణా కొట్టునే తీసుకుందాం. 'కొట్టు చాలా నీట్‌గా ఉంది' అన్న వాక్యాన్ని ఇలా విప్పొచ్చు: 'పప్పుల డబ్బాలు ఎత్తు తగ్గుతూ వరసగా ఉన్నాయి. సబ్బులు రకానికో దొంతరగా లేచాయి. బియ్యం బస్తాలు గోడకు ఆనకుండా చెక్కల మీద పేర్చి ఉన్నాయి. చిల్లర సామానంతా గల్లా కింద రెండు అరల్లో సర్దేశారు. బాకీ చీటీలు ఇనప ఊచకు గుచ్చి ఉన్నాయి.' నాలుగైదు క్రియలతో ఐదు రకాల అమరిక. బస్తాలు చెక్కల మీద ఎందుకున్నాయో కూడా ఒక మాట చేర్చొచ్చు. నేలా గోడా చెమ్మ లాగితే అడుగు బస్తాకు ముక్క వాసన వస్తుంది, పురుగు పడుతుంది.

ఇంతా రాశాక ఒకటి మిగిలిపోతుంది. బిస్కెట్ల అరలో పాత సరుకు ముందుకు జరిపి, కొత్తది వెనక పెట్టారా లేదా అన్నది. అది పైకి కనపడదు. రెండు ప్యాకెట్లూ ఒకేలా ఉంటాయి, అర రెండు విధాలా ముచ్చటగానే ఉంటుంది. కొత్త సరుకు ముందు పేర్చిన కొట్లో వెనక ప్యాకెట్లు గడువు దాటేదాకా అలాగే ఉంటాయి. ఆ ఒక్క అర గురించి రాసేటప్పుడు మాత్రం 'క్రమం' అనే రాయాలి.